పరాయి ఊరి పంక్తి భోజనం

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అని గుజరాతీయులకొక సామెత ఉన్నది. ఈ రెండూ లభించినవాడే ధన్యుడని దాని తాత్పర్యం. కాశీ సంగతి విశ్వేశ్వరుని ఇష్టానికి వదిలివేద్దాం. సూరత్ భోజనం మాత్రం 2019 జూన్ మాసంలో నేను బదిలీపై ఇక్కడికి వచ్చినది మొదలు నాకు లభిస్తూనే ఉన్నది. దక్షిణాది కార్యాలయాల్లోని మిత్రులు ఫోన్ చేసినప్పుడల్లా "అక్కడ తిండి ఎలా ఉందండీ?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు ఈ పర్యాయం మన శీర్షికలోనే సమాధానం చెప్పదలచాను. అయితే తిండి ముచ్చటతో మొదలుపెట్టినా, చివరికి నేను చేసిన ఒక తప్పును కూడా ఒప్పుకోవలసి ఉన్నది. పాఠక మిత్రులు సహృదయంతో చదవగలరు.

మేము నివసించేది సూరత్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఆల్థాన్ ప్రాంతంలో. ఒకప్పుడు ఇది పల్లెటూరు. నగరం పెరిగి పెరిగి దీనిని తనలో కలుపుకొన్నది. నేడు ఎటు చూసినా బహుళ అంతస్తుల భవనాలే. ఒకవైపు భటార్, మరొకవైపు పాండేసరా పారిశ్రామిక వాడ. తెల్లవారుజామున మా వీధి మలుపులో షిఫ్టు బస్సు ఎక్కితే, తాపీ నది దాటి హజీరా చేరేసరికి ఒక కునుకు పూర్తవుతుంది.

వచ్చిన కొత్తలో కుటుంబం ఇంకా హైదరాబాదులోనే ఉండిపోవడంతో, భటార్ రోడ్డులోని ఒక భోజనశాలే నాకు దిక్కయినది. ఆదివారం రాత్రి అక్కడ చోటు దొరకాలంటే అరగంట నిలబడవలసిందే. కూర్చోగానే పెద్ద కంచం, దానిలో అరడజను గిన్నెలు. నలుగురు కుర్రవాళ్ళు వరుసగా వచ్చి, ఏ గిన్నె ఖాళీ అయితే ఆ గిన్నె నింపిపోతుంటారు. వారి చురుకుదనం చూస్తే మన కంట్రోల్ రూములో లెవెల్ ట్రాన్స్‌మిటర్లు గుర్తుకు వస్తాయి. కనిష్ఠ మట్టానికి చేరకముందే వడ్డన మొదలవుతుంది!

మొదటి రోజు పప్పు నోట్లో పెట్టుకొని నివ్వెరపోయాను. పొరపాటున పాయసం తెచ్చి పప్పు గిన్నెలో పోశారేమో అనుకున్నాను. అది పొరపాటు కాదు, బెల్లం. కృష్ణా జిల్లాలో, బందరుకు దగ్గరి పల్లెలో పుట్టి, ఆవకాయతో అన్నప్రాశన అయినంత పని జరిగిన నాబోటివాడికి ఆ పప్పు ఒక పరీక్ష. ఇడ్లీ తిందామని వెళ్తే సాంబారులోనూ తీపే ఎదురయ్యేది.

కాలక్రమేణా నాలుక మెత్తబడింది. శనగపప్పు నానబెట్టి రుబ్బి, ఆవిరిపై ఉడికించి, నూనె, మసాలా చల్లి ఇచ్చే లోచో అనే ఉపాహారం ఇక్కడి ప్రత్యేకత. ఖమణ్ చేయబోతే పిండి అదుపు తప్పి ముద్దయిందనీ, ఆ ముద్దే జనానికి నచ్చిందనీ చెబుతారు. గుజరాతీలో లోచో అంటే గందరగోళం. మన పరిభాషలో చెప్పాలంటే, నాణ్యత తనిఖీలో తిరస్కరించవలసిన సరకు ఒక నగరానికే పేరు తెచ్చింది! సంక్రాంతికి ఇక్కడ ఉత్తరాయణ్ పేరిట గాలిపటాలు ఎగురవేస్తూ ఊంధియు తింటారు. చిక్కుడుకాయలు, కందదుంపలు, చిలగడదుంపలు, వంకాయలు కలిపి చేసే ఈ కూరను వెనుకటి రోజుల్లో మట్టికుండలో పెట్టి, కుండను బోర్లించి, పైన మంట పెట్టి వండేవారట. ఊంధు అంటే తలకిందులు. శరత్పూర్ణిమ మరునాడు చాందీ పడ్వో. ఆ రోజు నేతితో చేసిన ఘారీ అనే మిఠాయి కోసం బారులు తీరుతారు.

ఇక శీతకాలంలో పోంక్. పాలు పట్టిన లేత జొన్న కంకులను నిప్పులపై కాల్చి, నలిపి, ఆకుపచ్చని గింజలను వేరుచేసి అమ్ముతారు. మొదటిసారి అవి నోట్లో వేసుకోగానే నాకు మా తాతగారి చేను జ్ఞాపకం వచ్చింది. ఇది మన ఊచబియ్యమే! వేయి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చి మా చేలోని గింజనే కొనుక్కొని తింటున్నానన్న ఆలోచన ఆనందాన్నీ, ఒకింత దిగులునూ కలిగించింది.

అటువంటి దిగులు నాకు కొత్త కాదు. 2004వ సంవత్సరంలో యంత్రసామగ్రి తనిఖీ నిమిత్తం నేను ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో తొమ్మిది మాసాలు గడిపాను. శాకాహారిని. ఒంటరిగా చిన్న గదిలో అన్నం, పెరుగు, ఇంటి నుంచి తీసుకువెళ్ళిన పచ్చడితో రోజులు నెట్టుకొస్తుండగా, ఒక సహోద్యోగి నన్ను లాన్స్‌డేల్ వీధికి తీసుకువెళ్ళాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం, ముఖ్యంగా 1950, 60 దశకాల్లో గ్రీసు దేశం నుంచి వేలాది కుటుంబాలు ఆస్ట్రేలియాకు వలస వచ్చాయి. ఆ వీధిలో ఒక భాగం గ్రీకుల పేట. అక్కడి భోజనశాలల్లో ఒకటి బాగా పేరుపొందినది. శుక్రవారం సాయంత్రం వాకిలి బయట జనం బారులు తీరి ఉన్నారు.

యజమానికి అరవై అయిదు పైబడి ఉంటాయి. బల్ల బల్లకూ వచ్చి పలకరించడం ఆయన అలవాటు. మాంసం, చేప, గుడ్డు ఏదీ తిననని చెప్పాను.

"ఎన్నాళ్ళ ఉపవాసం?" అని అడిగాడాయన.

"పుట్టినప్పటి నుంచీ" అన్నాను.

పకపక నవ్వి లోనికి వెళ్ళాడు. వారి సంప్రదాయ క్రైస్తవంలో ఈస్టరుకు ముందు దీర్ఘమైన ఉపవాస కాలం ఉంటుంది. ఆ దినాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుచేత పప్పులతో, కాయగూరలతో, ఆలివ్ నూనెతో చేసే వంటలు వారికి అనేకం ఉన్నాయి. ఆ సంగతి నాకు ఆనాడే తెలిసింది. ముందుగా ఫావా అనే వంటకం వచ్చింది. పసుపుపచ్చని బఠాణీ పప్పును మెత్తగా ఉడికించి ముద్దచేసి, పైన ఆలివ్ నూనె పోసి, పచ్చి ఉల్లిముక్కలు చల్లారు. నేతికి బదులు ఆలివ్ నూనె అన్న మాటే గాని, అచ్చంగా మన ముద్దపప్పు. తరువాత టమాటాలతో వండిన పెద్ద చిక్కుడు గింజలు, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి ఉడికించిన దొల్మాదేస్ వచ్చాయి. నాకు పెరుగు నిషిద్ధం కాదని తెలుసుకొని, దోసకాయ, వెల్లుల్లి కలిపిన పెరుగు పచ్చడి కూడా తెచ్చాడు. దానిని జాజీకి అంటారు. కడుపు నిండింది. అంతకన్నా కళ్ళు నిండాయి.

చివర ఒక పళ్ళెంలో తేనె ఓడుతున్న మిఠాయి వచ్చింది. అది నేను అడిగినది కాదు, బిల్లులోనూ లేదు. ఆ మాటే యజమానితో అంటే, ఆయన నా ఎదుట కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"నేను ఓడ దిగేనాటికి నాకు ఇరవై ఏళ్ళు. భాష రాదు. కార్ల కర్మాగారంలో పని. మావాళ్ళు నడిపే ఒక కాఫీ దుకాణంలో జీతం వచ్చేవరకు అరువు మీద భోజనం పెట్టేవారు. ఆ దుకాణమే లేకుంటే నేను తిరుగు ఓడ ఎక్కేవాణ్ణి. మా భాషలో పరాయివాడికీ, అతిథికీ ఒకటే మాట, క్సేనోస్. ఎదుటివాడు రెండింటిలో ఎవరన్నది తలుపు తీసినవాడు నిర్ణయించుకోవాలి" అన్నాడు.

అతిథిని దేవునిగా భావించమని తైత్తిరీయోపనిషత్తు మనకు చెబుతున్నది. ప్రాచీన గ్రీకులు కూడా తమ దేవతల రాజైన జ్యూస్‌ను అతిథుల రక్షకునిగా కొలిచారు. రెండు జాతులూ ఒకే మాట చెప్పుకొన్నాయన్నమాట. ఆ తొమ్మిది మాసాల్లో ప్రతి శుక్రవారం నా భోజనం అక్కడే. వీడ్కోలు తీసుకొన్న రోజున, ఆయన మాటను ఎన్నటికీ మరువనని మనసులో అనుకున్నాను. మరచిపోయాను. ఆ సంగతే ఇక చెప్పబోతున్నాను.

దానికి ముందు ఒక చిన్న చరిత్ర ముచ్చట. సూరత్‌కు ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో భరూచ్ ఉన్నది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు ఎర్ర సముద్రం నుంచి మన దేశం వరకు రేవులన్నింటినీ వర్ణిస్తూ ఒక గ్రంథం వ్రాశాడు. ఆయన పేరు చరిత్రకు అందలేదు. గ్రంథాన్ని పెరిప్లస్ అంటారు. అందులో భరూచ్‌ను బారిగాజా అని పేర్కొన్నాడు. ఈ తీరం నుంచి గోధుమలు, బియ్యం, నెయ్యి, నువ్వులనూనె, నూలు వస్త్రాలు, చెరకు తీపి ఓడల మీద ఆఫ్రికా రేవులకు వెళ్ళేవట. అంటే సూరత్ భోజనానికి కావలసిన దినుసులు రెండు వేల ఏళ్ళనాడే ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి! అదే గ్రంథంలో తూర్పు తీరాన మసాలియా అనే ప్రాంతం, అక్కడ విరివిగా తయారయ్యే సన్నని నూలు వస్త్రాలు కూడా ప్రస్తావనకు వచ్చాయి. అది మా బందరు ప్రాంతమేనని చరిత్రకారుల అభిప్రాయం. నేత పనితో తెలుగువారికీ, ఈ పడమటి తీరానికీ గల బంధం ఈనాటిది కాదు.

ఆ గ్రంథంలో ఇంజనీరుగా నన్ను ఆకర్షించిన భాగం మరొకటి ఉన్నది. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల ఉద్ధృతి ఎక్కువ. కొత్తగా వచ్చిన ఓడ దారి తెలియక ఇసుక మేటల్లో ఇరుక్కొని బోల్తాపడే ప్రమాదం ఉండేది. అందుచేత రాజు కొలువులోని జాలరులు తమ పడవల్లో సముద్రంలోకి ఎదురేగి, పరదేశపు ఓడలను రేవు వరకు నడిపించుకు వచ్చేవారట. కొత్తవాడికి దారి తెలియదు, తెలిసినవాడే ఎదురు వెళ్ళాలి. ఎంత సహజమైన ఏర్పాటు!

ఇప్పుడు నా విషయానికి వస్తాను. సూరత్‌కు వచ్చిన తొలి రెండేళ్ళూ నేను ప్రతివారితోనూ ఒకే మాట అనేవాణ్ణి. "ఇక్కడ మనవాళ్ళెవరూ లేరండీ." నా శ్రీమతి వచ్చిన తరువాత ఆమె కూడా అదే మాట అనసాగింది. 2021 చివరలో ఒక ఆదివారం రాత్రి, భటార్ రోడ్డులోని ఆ భోజనశాలలోనే కూర్చున్నాము. పప్పు రుచి చూసి ఆమె "ఒక్క రోజైనా కాస్త పులుపు, కారం తగిలితే బాగుండును" అని తెలుగులో నాతో అన్నది. రొట్టెలు వడ్డిస్తున్న కుర్రవాడు ఆగిపోయాడు.

"పచ్చిమిరపకాయలు, నిమ్మకాయ తెమ్మంటారా అమ్మా?" అన్నాడు.

ఇద్దరమూ తలెత్తి చూశాము. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. వారిది నల్లగొండ ప్రాంతం. తాతగారి కాలంలోనే మగ్గాల పనికి సూరత్ వచ్చారు. తండ్రి పవర్‌లూమ్ కార్మికుడు. నివాసం లింబాయత్. తానిక్కడే పుట్టి, సూరత్ నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలో ఎనిమిదో తరగతి వరకు చదివాడు. ఇంటి పరిస్థితుల వల్ల చదువు అంతటితో ఆగింది.

"మిమ్మల్ని శానసార్లు చూసిన సార్. తెలుగు మాట్లాడుతుంటే విన్న. పలకరిద్దామనుకున్న, ధైర్యం చాలలే" అన్నాడు.

"ధైర్యమెందుకు నాయనా?" అన్నాను.

"కొందరు సార్లకు ఇష్టముండదు సార్. మనం తెలుగుల అడిగితే, వాళ్ళు హిందీల జవాబిస్తరు" అన్నాడు వినయంగా, చపాతీల పళ్ళెం సర్దుకుంటూ.

ఆ రాత్రి ఇంటికి చేరేవరకు నా శ్రీమతి ఏమీ మాట్లాడలేదు. తలుపు తాళం తీస్తుండగా అన్నది. "ఏమండీ, నేను వచ్చిన కొత్తలో మన ఇంటికి నీళ్ళ డబ్బాలు వేసే అతను గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. నడివయసు మనిషి. నాలుగో అంతస్తుకు ఇరవై లీటర్ల డబ్బా భుజాన మోసుకొచ్చేవాడు. ఒక రోజు మా మాటలు చెవినపడి, ముఖం విప్పారగా "తెలుగోళ్ళా సార్?" అని అడిగాడు. నేను "హాఁ" అని, డబ్బులెంతో హిందీలో అడిగి, ఇచ్చి, తలుపు వేసుకున్నాను. తొందరలో ఉన్నానని ఇంతకాలం నాకు నేను చెప్పుకొన్నాను. కాని యథార్థం వేరు. పరిచయం పెంచుకొంటే అప్పో, ఉద్యోగమో అడుగుతాడేమోనన్న శంక నా మనసులో ఆ క్షణాన మెదిలింది. ఆ తరువాత అతడు నాతో తెలుగు మాట్లాడలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించిన తొలి వారాల్లోనూ, మేము గడప దాటకుండా కూర్చుంటే, అతడే నీళ్ళు తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్ళాడు. కొన్నాళ్ళకు రావడం మానివేశాడు. అతని స్థానంలో వేరొకరు వచ్చారు.

మరునాడే నీళ్ళ దుకాణానికి వెళ్ళి విచారించాను. లాక్‌డౌన్ రోజుల్లో పెళ్ళాం బిడ్డలతో సొంత ఊరికి వెళ్ళిపోయాడనీ, మరి తిరిగి రాలేదనీ చెప్పారు. ఏ ఊరో వారికి తెలియదు. పేరు అడిగితే, "మద్రాసీ భాయీ" అనే పిలిచేవారమని అన్నారు. ఆరేడు మాసాల పాటు మా ఇంటికి నీరు మోసిన మనిషి పేరు నాకు కూడా తెలియదు. మనవాళ్ళెవరూ లేరని నేను వాపోతున్న కాలమంతా ఒక మనవాడు వారానికి రెండుసార్లు నా గడప తొక్కుతూనే ఉన్నాడు.

తరువాతి ఆదివారం ఆ కుర్రవాడు మమ్మల్ని లింబాయత్‌కు తీసుకువెళ్ళాడు. ఆల్థాన్ నుంచి ఉధ్నా మీదుగా రైలుమార్గం దాటి అవతలికి వెళ్ళాలి. గల్లీల్లోకి ప్రవేశించగానే మరమగ్గాల చప్పుడు మొదలయింది. దుకాణాల బోర్డులపై అక్కడక్కడా తెలుగు అక్షరాలు కనిపించాయి. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా తరలివచ్చిన వేలాది కుటుంబాలు ఇక్కడ బతుకుతున్నాయి. దసరా ముందు ఇక్కడి వీధుల్లో బతుకమ్మ ఆడతారు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించినప్పుడు ఎందరో కార్మికులు సొంత ఊళ్ళకు వెళ్ళి, పరిస్థితి చక్కబడ్డాక తిరిగి వచ్చారు. 1995లో నగర కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారి హయాంలో చెత్త తొలగింపుతోపాటు భోజనశాలల పరిశుభ్రతపై కూడా కఠినమైన తనిఖీలు జరిగిన సంగతి ఇక్కడి పెద్దలు నేటికీ చెప్పుకొంటారు.

కుర్రవాడు మమ్మల్ని ఒక చిన్న మెస్సుకు తీసుకువెళ్ళాడు. బోర్డు లేదు. రెండు బెంచీలు, ఒక పొడవాటి బల్ల. డెబ్బై ఏళ్ళ పెద్దమ్మ, ఆమె కోడలు వండి వడ్డిస్తారు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, అన్నం. పుంటికూర అంటే మా వైపు గోంగూరే. మొదటి ముద్దకే నా శ్రీమతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారమని సర్దిచెప్పుకొన్నది.

"ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగింది పెద్దమ్మ.

"బందరు దగ్గర పెద్దమ్మా."

"సముద్రం పక్కనా? మంచిది. ఎన్నేండ్లయింది సూరత్ వచ్చి?"

"రెండేళ్ళు దాటింది."

"రెండేండ్ల సంది ఏం తిన్నరు మరి?" అన్నది ఆశ్చర్యంగా.

ఏమి చెప్పగలను? లేచి డబ్బులు ఇవ్వబోతే ఆమె చేయి వెనక్కు తీసుకున్నది. "మొదటిపాలి వచ్చినోళ్ళ తాన నేను పైసలు తీసుకోను. వచ్చే వారం రా, అప్పుడు ఇద్దువు" అన్నది. మెల్‌బోర్న్‌లో తేనె ఓడిన ఆ మిఠాయి పళ్ళెం నా కళ్ళ ముందు కదలాడింది. ఆ గ్రీకు పెద్దమనిషికి, ఈ వరంగల్లు పెద్దమ్మకు ఒకరి భాష ఒకరికి తెలియదు. పరాయి ఊరికి ఆకలితో వచ్చిన అనుభవం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

నాటి నుంచి నెలకు రెండు ఆదివారాలు మా భోజనం అక్కడే. డబ్బులు తీసుకొంటున్నది. ఆ కుర్రవాడికి నేను చేయగలిగినది స్వల్పం. వెల్డరు వంటి కొన్ని ట్రేడుల్లో ఐ.టి.ఐ. ప్రవేశానికి ఎనిమిదో తరగతి చాలునన్న సంగతి అతనికి తెలియదు. దరఖాస్తు నింపడంలో తోడ్పడ్డాను. పగలు శిక్షణ, రాత్రి వడ్డన. ఏడాదిలో వెల్డరు శిక్షణ ముగించాడు. అప్రెంటిస్ చట్టం 1961లోనే వచ్చింది. మనవంటి సంస్థలు ఆ చట్టం కింద ప్రకటనలు వెలువరిస్తూనే ఉంటాయి. ఆ ప్రకటనలు మన నోటీసు బోర్డులను దాటి లింబాయత్ గల్లీల వరకు చేరుతున్నాయా అని మాత్రం నేను అంతకుముందు ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ప్రకటన వెలువడినప్పుడల్లా ఒక ప్రతి పెద్దమ్మ మెస్సు గోడకు చేరుతున్నది.

ఈ పత్రిక చదివే సోదర ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులు దేశం నలుమూలలా ఉన్నారు. బదిలీ మన ఉద్యోగ ధర్మం. ఏ ఊరు వెళ్ళినా ముందుగా ఆ ఊరి భోజనం మనసారా తినండి. పప్పులో బెల్లముంటే ఉండనీయండి. రెండో విషయం, మీ ఇంటికి నీళ్ళు మోసే మనిషి, కావలి కాసే మనిషి మీ భాషలో పలకరిస్తే, అదే భాషలో జవాబు చెప్పండి. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పేరు అడగండి. నాకు ఆ అవకాశం వచ్చినప్పుడు నేను తలుపు వేసుకున్నాను. ఆ మనిషి ఏ జిల్లాలో, ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. ఈ పుటలు అతని కంటపడే అవకాశమూ లేదు. అయినా చెప్పుకోవడం నా ధర్మం గనుక ఇక్కడ చెప్పుకొన్నాను.

దసరాకు ముందు సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం మా దంపతులం లింబాయత్‌లో ఉంటాము. సూరత్ ప్రాంతంలోని సహోద్యోగులు సకుటుంబంగా రావలసిందిగా కోరుతున్నాను. భోజనం పెద్దమ్మ మెస్సులో. మొదటిసారి వచ్చేవారి వద్ద ఆమె డబ్బులు పుచ్చుకోదు గనుక, ఆ పూటకు లెక్క నేను చూసుకొంటాను.